బ్యాటరీ గదిలో నాలుగు దీపాలు

పాలు పోసే మనిషిని ఆవిడ నమ్మదు. కొలత కళ్ళారా చూశాక కూడా గిన్నె వంచి చూసుకుంటుంది. తక్కెడను నమ్మదు, తక్కెడ పట్టుకున్న చేతిని అసలే నమ్మదు. ఇంటికి తాళం వేసి, వీధి మలుపుదాకా వెళ్ళి, మనసాగక వెనక్కొచ్చి తాళం గుంజి చూసుకుంటే గాని పనికి బయలుదేరదు. ఒకసారి గుంజితే చాలదు. రెండోసారి గుంజినప్పుడు ఎదురింటావిడ కిటికీలోంచి, "ఊడి చేతికొచ్చేస్తుంది వదినా, ఇక దాన్ని వదిలెయ్!" అని నవ్వుతుంది. ఎదురింటావిడ అంతలా ఎందుకు నవ్విందా, దాని వెనక ఏముందా అని దారి పొడుగునా ఆలోచించుకుంటూ నడుస్తుంది.

అలాంటి మనిషికి అతికినట్టు సరిపోయే ఉద్యోగం దొరికింది. పొలాలకూ తోటలకూ మందు కొట్టే డ్రోన్లు నడిపే కంపెనీ అది. రోడ్డు వారన పెద్ద రేకుల షెడ్డు. ముందు హాల్లో డ్రోన్లు చేతులు ముడుచుకుని కూర్చుంటాయి. వెనక గదిలో బ్యాటరీలు ఉంటాయి. ఆ గది ఆవిడది. అందరూ బ్యాటరీలక్క అని పిలుస్తారు. చాటున సీఐడీ అక్క అంటారు. ఆ చాటు మాట ఆవిడ చెవిన పడకపోలేదు. పడ్డా కోపం రాలేదు సరికదా, లోలోపల కాస్త గర్వంగానే అనిపించింది.

బ్యాటరీ అంటే ఏముంది, పెడితే ఎక్కుతుంది, వాడితే దిగుతుంది అనుకుంటారు తెలియనివాళ్ళు. అక్క ముందు ఆ మాట అన్నారో, ఇక వాళ్ళకు మూడినట్టే! డ్రోన్లోంచి తీసిన బ్యాటరీ పొయ్యి మీంచి దించిన గిన్నెలా కాలుతుంటుంది. అది చల్లారేదాకా ఛార్జింగ్ పెట్టకూడదు. చల్లారిందో లేదో మీటరు చెబుతుంది. అక్క మీటరునూ నమ్మదు, ముంజేయి ఆనించి చూసుకుంటుంది. ఎగరబోయే ముందు నిండుగా ఎక్కించాలి. ఎగరని రోజున మాత్రం నిండుగా ఉంచకూడదు, ఖాళీగానూ ఉంచకూడదు. సగానికి కాస్త అటూ ఇటూగా ఉంచి ఇనుప అరల్లో పడుకోబెట్టాలి. నిండు కడుపుతో, అందులోనూ ఎండల్లో, రేకుల కింద పడి ఉన్న బ్యాటరీకి పొట్ట ఉబ్బుతుంది. ఉబ్బిన బ్యాటరీ గాల్లో ఎప్పుడు చేతులెత్తేస్తుందో, అరలో ఎప్పుడు అంటుకుంటుందో ఎవరూ చెప్పలేరు. అందుకే గది మూలల్లో ఇసుక బాల్చీలు. అందుకే అక్క రోజూ సాయంత్రం ఒక్కోదాని పొట్ట మీదా స్టీలు స్కేలు అడ్డంగా పెట్టి చూస్తుంది. స్కేలు కదలకుండా కూర్చుంటే సరే. ఊగిందంటే ఆ బ్యాటరీకి నూకలు చెల్లినట్టే.

ఇంకో సంగతి ఉంది. ఒక్కో డ్రోనుకు రెండేసి బ్యాటరీలు వెయ్యాలి. కలిసి పుట్టినవి కలిసే ఎక్కాలి, కలిసే దిగాలి. జంట విడదీస్తే ఒకటి ముందు అలిసిపోయి రెండోదాన్నీ కిందికి లాగుతుంది. వాటి మీద కంపెనీవాళ్ళు ఏవో అంకెలు రాసి పంపారు. అంకెలు ఎవరికి గుర్తుంటాయి? అక్క తెల్ల రంగుతో తన పేర్లు రాసుకుంది. అత్తాకోడళ్ళు, తోడికోడళ్ళు, తోడల్లుళ్ళు, వియ్యపురాళ్ళు, బావామరుదులు. తోడికోడళ్ళలో ఒకటి ఎప్పుడూ రెండోదానికంటే వేడిగా వస్తుంది. "మరి ఆ పేరు పెట్టాక రాదా ఏంటి!" అంటారు పైలట్లు.

అక్క భర్త నూలు మిల్లులో పనిచేసేవాడు. మిల్లు మూతపడ్డాక ఇంటిపట్టునే ఉంటున్నాడు. మధ్యాహ్నం క్యారేజీ తెస్తాడు, అక్క తినేదాకా గది బయట బల్ల మీద కూర్చుంటాడు, ఖాళీ క్యారేజీ పట్టుకుని వెళ్తాడు. ఆవిడ అందరికీ అక్క గనక ఆయన అందరికీ బావగారు. "ఏం బావగారూ, ఇవాళ కూరేంటి?" అని పైలట్లు ఆటపట్టిస్తే మూత తీసి చూపించేవాడు. సాయంత్రం పార్కుదాకా నడిచి వస్తాడు. అంతకు మించి ఆయన గురించి ఎవరికీ ఏమీ తెలియదు, అక్క కూడా ఎప్పుడూ అడిగి తెలుసుకోలేదు.

ఆ ఏడు ఎండలు ముదిరినప్పుడే గాలి కూడా పట్టుకుంది. గాలి ఉంటే డ్రోన్లు లేవవు. పొద్దున్నే ఆకులు కదలకుండా ఉంటే పైలట్లు "అక్కా, బ్యాటరీలు! అక్కా, బ్యాటరీలు!" అని నెత్తి మీద నిలబడతారు. అందుకే అక్క చీకటితో లేచి, నోరు కాలే టీ నిలబడే గుటకేసి షెడ్డుకు పరుగెత్తేది. తీరా అన్నీ నిండేసరికి గాలి లేచిందంటే మళ్ళీ వాటిని కరెంటు తాగేసే బల్బుల పెట్టెకు తగిలించి సగానికి దింపాలి. ఎక్కించడం, దించడం, పైలట్ల చేత మాటలు పడడం. ఆ రోజుల్లో ఆవిడ మొహం చూస్తే చిర్రెత్తి ఉన్న సంగతి ఎవరికైనా తెలిసిపోయేది.

బ్యాటరీ నెత్తిన ఒక బొత్తాం ఉంటుంది. నొక్కితే దీపాలు వెలుగుతాయి. రెండు వెలిగితే సగం, నాలుగు వెలిగితే నిండు. ఓ రోజు పొద్దున అక్క గది తెరిచి, అలవాటుగా అత్తాకోడళ్ళ బొత్తాం నొక్కింది. నాలుగు దీపాలు. మళ్ళీ నొక్కింది. నాలుగే. వియ్యపురాళ్ళు నాలుగు. బావామరుదులు నాలుగు. సాయంత్రం రెండేసి దీపాలతో పడుకోబెట్టిన సంసారమంతా తెల్లారేసరికి నిండు కడుపుతో లేచింది!

తనే మరిచిపోయిందా అన్న అనుమానం ఒకటి వచ్చింది గాని ఎక్కువసేపు నిలవలేదు. అక్కకు లోకం మీద అనుమానమే తప్ప తన మీద ఎప్పుడూ లేదు. ముందు ఛార్జరును అనుమానించింది. ఆ సాయంత్రం ప్లగ్గులన్నీ ఊడబెరికి, తీగలు చుట్టలు చుట్టి బీరువా మీద పెట్టి వెళ్ళింది. పొద్దున చూస్తే తీగలు చుట్టలుగానే ఉన్నాయి, బ్యాటరీలు మాత్రం నాలుగు దీపాలతో వెలుగుతున్నాయి. చుట్ట చుట్టిన తీరు మాత్రం తనది కాదు. అంటే ఇది మనిషి పని.

ఇక అక్కకు నిద్ర పట్టలేదు. ఎవరికీ చెప్పలేదు కూడా. చెబితే దొంగ జాగ్రత్తపడతాడు కదా! ఇంట్లో అసలే నోరు విప్పలేదు. ఆయన పార్కులో బల్ల మీద కూర్చుని ఊరందరికీ చెప్పేస్తాడని భయం. ముందుగా గేటు దగ్గరుండే ముసలాయన్ని నిలదీసింది.

"సాయంత్రం నేను వెళ్ళాక బయటవాళ్ళెవరైనా లోపలికి వస్తున్నారా?"

"బయటవాళ్ళా? చీమ కూడా రావడం లేదమ్మా. వస్తే నేను ఊరుకుంటానా?"

ఆ మాట ఆయన ఆవిడ కళ్ళలోకి చూస్తూ చెప్పాడు. అంత నిబ్బరంగా చెప్పాడంటే వీడికీ వాటా ఉందేమో అనుకుంది అక్క.

ఎండ మాత్రం ఆగలేదు. వారం తిరగకుండా తోడల్లుళ్ళ పొట్ట మీద స్కేలు ఊగింది. ఆ తరవాత తోడికోడళ్ళు. అక్క వాటిని రెండు చేతుల్తో జాగ్రత్తగా ఎత్తి ఇసుకలో పెట్టింది. నవ్వొచ్చే పేర్లే గాని, అవి ఇసుకలో కూర్చున్నప్పుడు ఆవిడకు నవ్వు రాలేదు. ఇవాళ అరలో కనిపించింది గనక సరిపోయింది. రేపు ఇలాంటిది గాల్లో కన్ను మూస్తే? కింద పొలంలో మనుషులు ఉంటారు.

అనుమానం ఒకచోట కుదురుకుంది. పైలట్లలో ఒకతన్ని అందరూ తొందరయ్య అనేవాళ్ళు. అతనికి అన్నిటికీ తొందరే. బండి ఆగకముందే దిగుతాడు, టీ చల్లారకముందే తాగి నాలుక కాల్చుకుంటాడు. "సాయంత్రమే ఫుల్లు కొట్టేసి పెట్టేస్తే పోదా అక్కా? పొద్దున్నే హాయిగా లేచిపోవచ్చు" అని ఎన్నిసార్లు అన్నాడో! "బాబూ, అవి ఉబ్బుతాయి" అంటే, "ఒక్క రాత్రికే ఉబ్బుతాయా?" అని ఎదురడిగేవాడు. గది తాళంచెవి ఒకటి అక్క ఇంటికి తీసుకెళ్తుంది, ఇంకోటి ఆఫీసు గోడకు వేలాడుతుంటుంది. తొందరయ్య ఆ గోడ పక్కనే కూర్చుంటాడు. పైగా ఈ మధ్య పొద్దున వచ్చీ రాగానే "రెడీయేగా అక్కా?" అని అడిగి నవ్వుతున్నాడు. ఇంకేం కావాలి!

ఉబ్బిన జంటలను చూసి మేనేజరు ఒంటికాలి మీద లేచాడు. మామూలుగా మెత్తని మనిషే. ఆ రోజు మాత్రం బల్ల చరిచాడు.

"అక్కా, అయితే మీకు చేతకావడం లేదు, లేదా ఎవరో చేస్తున్నారు. ఏది నిజం?"

"నాకు చేతకాకపోవడమేంటండీ!"

"అయితే పేరు చెప్పండి. ఎవరైనా సరే, ఈ గేటు లోపల మళ్ళీ అడుగు పెట్టనివ్వను."

అక్క చెప్పింది. నీళ్ళు నమలలేదు, "అనుకుంటున్నాను" అని కూడా అనలేదు. అతనేనండీ అంది. ఆ సాయంత్రమే తొందరయ్యను ఇంట్లో కూర్చోమన్నారు. ఇంకో కంపెనీలో చేరదామన్నా వాళ్ళు ముందు ఫోన్ చేసి అడిగేది ఇక్కడికే. బ్యాటరీలు పాడుచేసినవాడు అన్న మాట పడ్డాక డ్రోను చేతికిచ్చేది ఎవరు? అతనికి ఆ పని తప్ప ఇంకోటి రాదు.

వెళ్ళేముందు గది గుమ్మంలో నిలబడ్డాడు. "అక్కా, నా పిల్లల మీద ఒట్టు. నేను ముట్టుకోలేదు."

"దొరికిన ప్రతివాళ్ళూ అదే అంటారు" అంది అక్క, తీగ చుట్టుకుంటూ. తలెత్తి చూడలేదు.

ఆ రాత్రి కడుపులో చల్ల కదలకుండా నిద్రపోయింది. పొద్దున నిదానంగా వెళ్ళి, గది తెరిచి, అత్తాకోడళ్ళ బొత్తాం నొక్కింది.

నాలుగు దీపాలు.

అక్క మళ్ళీ నొక్కింది. అక్కడే ఛార్జింగ్ బల్ల పట్టుకుని నిలబడిపోయింది. తొందరయ్య రాలేదు. ఆఫీసు గోడకుండే చెవిని నిన్ననే మేనేజరు తన సొరుగులో పెట్టుకున్నాడు. మరి ఎవరు? పోనీ, పరుగున వెళ్ళి మేనేజరుతో "పొరపాటు పడ్డానండీ, అతను కాదు" అని చెప్పాలి కదా? చెప్పలేదు. అసలువాణ్ణి పట్టుకుని, ఇద్దరి సంగతీ ఒకేసారి చెబుదాం, రెండు రోజుల్లో కొంప మునగదు అనుకుంది. తొందరయ్య ఇంట్లో ఆ రెండు రోజులు ఎలా ఉంటాయో ఆలోచన రాకపోలేదు. వస్తే దాన్ని పక్కకు నెట్టింది.

బజారుకు వెళ్ళి కొత్త తాళం కొంది. తాళం అమ్మినవాడు మారుచెవి దాచుకున్నాడేమోనని అతని చేతులవంకే చూస్తూ కొంది. పాత తాళం తీసి కొత్తది బిగించి, ఉన్న ఒకే ఒక్క చెవిని ఇంటికి తెచ్చి ఎప్పట్లాగే వంటింటి తలుపు వెనక మేకుకు తగిలించింది. ఇంట్లో ఉన్న చెవిని ఎవరు ముట్టుకుంటారు?

పొద్దున చూస్తే, మళ్ళీ నాలుగు!

అక్క దెయ్యాలను నమ్మే మనిషి కాదు. దెయ్యం ఉందని ఎవరన్నా చెబితే ఆ చెప్పినవాణ్ణే అనుమానిస్తుంది. కానీ ఆ ఉదయం ఒక్క క్షణం గదిలో అన్ని మూలలూ చూసింది. తరవాత తన మీద తనకే కోపం వచ్చింది. సంగతేంటో ఈ సాయంత్రం కళ్ళతోనే తేల్చుకుంటాను అనుకుంది.

సాయంత్రం మామూలుగా గదికి తాళం వేసి ఇంటికి వెళ్ళింది. చెవిని మేకుకు తగిలించింది. "మా చెల్లెలింటిదాకా వెళ్ళొస్తానండీ" అంది. ఆయన చొక్కా గుండీలు పెట్టుకుంటూ, "సరే, నేనూ అలా పార్కుకు వెళ్ళొస్తా" అన్నాడు. అక్క వీధి చివర మలుపు తిరిగి, సందుల్లో పడి, ముసలాయన కంటపడకుండా, తను గడియ పెట్టకుండా వదిలి వచ్చిన వెనక షట్టరు పైకెత్తి షెడ్డులోకి దూరింది. హాల్లో డ్రోన్ల మీద కప్పే గుడ్డలు దండెం మీద వేలాడుతుంటాయి. వాటి వెనక నిలబడితే అద్దం కిటికీలోంచి బ్యాటరీల గది కనిపిస్తుంది. ఇంకా పొద్దు పూర్తిగా వాలలేదు. రేకుల వేడికి వీపు తడిసిపోతోంది. అయినా కదలకుండా నిలబడింది.

గేటు చప్పుడైంది. ముసలాయన గొంతు వినిపించింది, "ఏం బావగారూ, ఇవాళ ఆలస్యమైంది?"

అక్క చేతిలో ఉన్న గుడ్డ జారిపోయింది.

గది బయట చెప్పులు విడిచిన చప్పుడు. తాళం తీసిన చప్పుడు. ఆయన లోపలికి వచ్చి లైటు వేశాడు. జేబులోంచి కళ్ళజోడు తీసి తుడుచుకుని పెట్టుకున్నాడు. బీరువా మీంచి తీగల చుట్టలు దించాడు. ముందు ఒక్కో బ్యాటరీకీ ముంజేయి ఆనించి చూశాడు. అచ్చం అక్కలాగే! తరవాత "రండమ్మా వియ్యపురాళ్ళూ, ముందు మీకే మర్యాద. లేకపోతే అలుగుతారు" అంటూ ఆ జంటను కలిపే తెచ్చి, కలిపే పెట్టాడు. ఛార్జరు పక్కన స్టూలు వేసుకుని కూర్చున్నాడు. దీపాల వంకే చూస్తూ కూర్చున్నాడు. పార్కులో కూర్చున్నాడని అక్క అనుకున్నవాడు ఇన్నాళ్ళూ కూర్చున్నది ఇక్కడ.

అక్క గుమ్మంలోకి వచ్చింది. "ఏవండీ!"

ఆయన ఉలిక్కిపడి లేచాడు. స్టూలు పడిపోయింది. "నువ్వా! చెల్లెలింటికి వెళ్తానన్నావు?"

"మీరు పార్కుకు వెళ్తానన్నారు!"

ఆయన మొహంలోకి నెమ్మదిగా ఒక నవ్వు వచ్చింది. దొరికిపోయినవాడి నవ్వు కాదు. ఎప్పుడు కనుక్కుంటుందా అని ఎదురుచూసి చూసి, ఇన్నాళ్ళకు ఆ ముచ్చట తీరినవాడి నవ్వు. అది చూశాక అక్కకు ఇంకా మండింది.

"ఏం పని చేశారండీ ఇది! ఎందుకు చేశారు?"

"నువ్వు చీకటితో లేచి పరుగెడుతున్నావు కదా. ఆ టీ అయినా నిదానంగా తాగవు. నువ్వొచ్చేసరికే అన్నీ నిండి ఉంటే కాసేపు పడుకుంటావని..." ఆయన ఆవిడ మొహం చూసి ఆగాడు. "ఏమైంది?"

"నిండుగా పెట్టి వదిలేస్తే ఉబ్బిపోతాయండీ! రెండు జంటలు పోయాయి! సగమే ఎందుకు ఉంచుతున్నాననుకున్నారు, బద్ధకమనుకున్నారా?"

ఆయన ఇసుక బాల్చీల వైపు చూశాడు. అందులో ఏం కూర్చున్నాయో అప్పుడే చూసినట్టున్నాడు. నవ్వు పోయింది.

"నాకెలా తెలుస్తుంది? ఎందుకు సగమే పెడతావని ఒకసారి అడిగాను. మీకెందుకు లెండి, చెప్పినా మీకు అర్థం కాదు అన్నావు." ఆయన గొంతులో కోపం లేదు. "ఆ బల్ల మీద కూర్చుని చూసి నేర్చుకున్నాను. జంట విడదియ్యకూడదని చూశాను. వేడిగా ఉంటే పెట్టకూడదని చూశాను. ఇదొక్కటీ చూస్తే తెలిసేది కాదు."

వెనక ముసలాయన గుమ్మం దాకా వచ్చి నోరు వెళ్ళబెట్టి నిలబడ్డాడు. అక్క అతని మీద విరుచుకుపడింది. "బయటవాళ్ళెవరూ రావడం లేదన్నావు కదయ్యా!"

"బావగారు బయటవాడెలా అవుతాడమ్మా? మీరే పంపిస్తున్నారనుకున్నా!" అని అతను అంతకంటే గట్టిగా అరిచాడు.

అప్పుడు చెప్పింది అక్క. తొందరయ్య పేరు తను చెప్పడం, అతన్ని ఇంట్లో కూర్చోబెట్టడం, అతను ఒట్టు వెయ్యడం, తను తలెత్తి చూడకపోవడం. ఆయన వింటున్నంతసేపూ పడిపోయిన స్టూలు వంకే చూశాడు. విని, వియ్యపురాళ్ళను ఛార్జరు నుంచి ఊడదీసి అరలో పెట్టి, లైటు ఆర్పాడు.

"మేనేజరు ఆఫీసులో ఉన్నాడా?"

"ఆగండి" అంది అక్క. గొంతు తగ్గించింది. ముసలాయన అప్పటికే గొణుక్కుంటూ గేటు వైపు వెళ్ళిపోతున్నాడు. "ఇవాళ్టితో మానేశారుగా. ఇక ఉబ్బవు. ఒకటి రెండు రోజులు పోయాక, ఆ పిల్లాడు అలాంటివాడు కాదనిపిస్తోందండీ అని నేనే మేనేజరుకు నెమ్మదిగా చెప్పి పిలిపిస్తాను. మీ పేరు ఎందుకు?"

"నెమ్మదిగానా?" అన్నాడాయన. "అతన్ని పంపేటప్పుడు నెమ్మదిగా పంపావా?"

అంతే. చెప్పులు వేసుకుని ఆఫీసు వైపు నడిచాడు. ఆయన వెనక అక్క నడిచింది. ఎప్పుడూ ఆయనే ఆవిడ వెనక నడిచేవాడు.

మేనేజరు అంతా విని తల పట్టుకున్నాడు. నవ్వాలో తిట్టాలో అతనికి తెలియలేదు. చివరికి రెండూ చెయ్యలేదు. అక్కడికక్కడే తొందరయ్యకు ఫోన్ చేసి పొద్దున రమ్మన్నాడు. తరవాత, "మాట అన్నాను బావగారూ. ఎవరైనా సరే గేటు లోపల అడుగు పెట్టనివ్వనన్నాను. ఇప్పుడు మీకోసం మారిస్తే రేపు నా మాట ఎవరు వింటారు?" అన్నాడు. ఆయన సరేనని తలూపాడు. అక్కకు గది ఉంచారు. కొత్త తాళంచెవి మాత్రం సాయంత్రం మేనేజరు చేతికిచ్చి వెళ్ళాలి, పొద్దున అడిగి తీసుకోవాలి.

తెల్లారి గాలి లేదు. తొందరయ్య వచ్చాడు. గుమ్మంలో నిలబడ్డాడు గాని "రెడీయేగా అక్కా" అనలేదు. అక్క ముందే అనుకుని పెట్టుకున్న మాటలు అన్నీ చెప్పింది. తప్పు నాదే, కళ్ళతో చూడకుండా, నీ మాట వినకుండా నీ పేరు చెప్పేశాను, నన్ను తిట్టు అంది. అతను తిట్టలేదు. "పోన్లెండి" అన్నాడు. అక్క బావామరుదులను అతని చేతికిచ్చింది. తొందరయ్య బొత్తాం నొక్కి దీపాలు చూశాడు. బల్ల మీదున్న స్టీలు స్కేలు తీసుకుని ఒక్కోదాని పొట్ట మీదా అడ్డంగా పెట్టి, వంగి, వెలుతురుకు పట్టి చూశాడు. అన్నిటికీ తొందరపడే మనిషి ఆ పని ఎంత నిదానంగా చేశాడంటే, బయట డ్రోను దగ్గర మిగతావాళ్ళు కేకలేశారు. అక్క చేతులు కట్టుకుని నిలబడింది. ఏం అంటుంది?

మధ్యాహ్నం బయట బల్ల ఖాళీగా ఉంది. ముసలాయన వచ్చి, "బావగారు గేటు బయట నిలబడ్డారు" అని చెప్పి, తప్పంతా తనదైనట్టు తల దించుకుని వెళ్ళిపోయాడు.

ఆయన గోడ నీడలో క్యారేజీ పట్టుకుని నిలబడ్డాడు. ఎండకు మొహం కమిలింది. అక్క వెళ్ళి ఎదురుగా నిలబడింది. అక్కడ కూర్చోవడానికి ఏమీ లేదు.

"లోపలికెళ్ళి తిను. వేడిగా ఉంది" అన్నాడు గాని క్యారేజీ ఇవ్వలేదు. "ఒకటి అడగనా?"

"అడగండి."

"ఛార్జరును అనుమానించావు. ఈ గేటాయన్ని అనుమానించావు. పాపం ఆ పైలట్ని అనుమానించావు. తాళం అమ్మినవాణ్ణి కూడా అనుమానించావు కదా, నాకు తెలుసు నీ సంగతి." ఆయన కాస్త నవ్వాడు. "చెవి మనింట్లో మేకుకు ఉంది. ఆ ఇంట్లో ఉండేది మనిద్దరమే. రోజూ నువ్వు వచ్చి అడుగుతావనే చూశాను. నా మీద ఎందుకు అనుమానం రాలేదు నీకు?"

అక్క నోరు తెరిచింది. జవాబు నాలుక చివరే ఉంది. మీకు అంత చేతనవుతుందని నేను అనుకోలేదు. నోరు మూసుకుంది.

"నమ్మకమా?" అన్నాడు ఆయనే. ఆ మాటను ఎంతో ఆశగా అన్నాడు.

"అవునండీ" అంది అక్క. "నమ్మకమే."

ఆయన కళ్ళజోడు సర్దుకుని ఆవిడ మొహంలోకి చూశాడు. ఆవిడ ఏం చెప్పినా ఊఁ కొట్టి నమ్మే మనిషి, ఇన్నేళ్ళ కాపురంలో మొదటిసారి ఆవిడ మాట నిజమో కాదో తరచి చూశాడు. చూసి, క్యారేజీ చేతికిచ్చి, ఎండలో వెనక్కి తిరిగి నడిచి వెళ్ళిపోయాడు.